ఎర్ర స్విచ్చి

“కంప్యూటర్ ఢమ్మని పేలింది ఆపా, ఇగ లేవదు. తహ్రీమ్ జావా కోర్సు బంజేయాలె. అల్లా మర్జీ,” అన్నాడు తమ్ముడు జుల్ఫికర్, అక్కనైన నాతో.

ఎల్లుండే చెల్లెలు తహ్రీమ్‌కు అమీర్‌పేటలో ఉద్యోగం ఇంటర్వ్యూ. చచ్చిన కంప్యూటర్ ముందు కూర్చుని ఏడుస్తోంది.

నేను నమాజు ముగించి పంజాగుట్ట వెళ్లి, కంప్యూటర్‌కు కరెంటు అందించే కొత్త పవర్ సప్లై డబ్బా తెచ్చి బిగించాను.

“జుల్ఫీ, బటన్ నువ్వే నొక్కు.”

“మళ్ల పేల్తదేమో!” అంటూ వెనక్కి జరిగాడు.

“పేలదు. మనింటి కరెంటు 230 వోల్టులు. పాత డబ్బా ఎనుక ఎర్ర స్విచ్చిని స్క్రూడ్రైవర్‌తోని 115కు జరిపినవు, గందుకే పేలింది. చెల్లె నౌకరి చెయ్యొద్దని నువ్వు చేసి, అల్లా పేరెందుకు చెప్తవు? ఇంటర్వ్యూకు చెల్లెను నేనే తీస్కపోత. ఇగ నొక్కు.”

నొక్కాడు. తెర వెలిగింది. తహ్రీమ్ కళ్లు తుడుచుకుని కుర్చీ ముందుకు లాక్కుంది.