జట్టులో ఖాళీ

శనివారం ఆటకు ముందు, ఫైఫ్ గనికార్మికుల ఫుట్‌బాల్ జట్టు మేనేజర్ డూగల్డ్ కెయిర్నీ పేర్ల కాగితాన్ని గోడకు గుచ్చాడు. అది చదివి ట్రైనర్ వాటీ బిత్తరపోయాడు.

"పొద్దున్నే విస్కీ పట్టించావేంట్రా? ఈ పదిమందీ యుద్ధంలో పోయినవాళ్ళు!"

"మంగళవారం ప్రాక్టీసుకొచ్చారు. ఒకడు తక్కువన్నారు."

వాటీ కాగితం మళ్ళీ చూస్తే, పదకొండో పేరు డూగల్డ్‌దే. 1914లో అప్పటి కెప్టెన్ డూగల్డే జట్టునంతా సైన్యంలో చేర్పించడానికి తీసుకెళ్ళాడు. వరసలో ముందు నిలబడ్డదీ అతనే. మోకాలు బాగాలేదని డాక్టరు అతనొక్కణ్ణే వెనక్కి పంపాడు.

"ఆ మోకాలితో ఇప్పుడేం ఆడతావురా? పద, ఇంటికి పోదాం."

పన్నెండేళ్ళుగా మేకుకు వేలాడిన బూట్లకు డూగల్డ్ లేసులు బిగించుకుంటున్నాడు.

"ఈసారి మోకాలు చూడరట్రా, వాటీ."