మొహం ఒక్కటి తప్ప

"ఈ కెమెరా వెనక్కి తీసుకోండి. ఇది మా ఆవిడ మొహాన్ని గుర్తుపట్టడం లేదు," అన్నాడు భర్త, పెట్టెతో సహా కౌంటర్ మీద పెడుతూ.

కొట్టాయన పెట్టె వంక చూడలేదు. పక్కనున్న భార్య మొహం వంక చూశాడు. గుర్తుపట్టలేనంత లోపం ఆయనకేమీ కనిపించలేదు.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోమండీ. తేడా ఉంటే రిపేరుకి పంపుతాం."

"తేడా ఉందనే చెబుతున్నా. మొదట్లో బాగానే తీసింది. ఇప్పుడు ఎన్ని తీసినా మొహం అలుక్కుపోయి వస్తోంది."

"అరచేతిలో పట్టే ఆ చిన్నది చాలని నేనప్పుడే చెప్పాను," అంది భార్య, అద్దాల అరలో ఇంకా అమ్ముడుపోకుండా కూర్చున్న చిన్న కెమెరాను చూపిస్తూ. "మీరే మీటలు ఎక్కువున్నది కావాలన్నారు."

"తప్పు కెమెరాది కాకపోతే నీదే. కదలకుండా నిలబడటం చేతకాదు. నీ వంటా అంతే, నీ నిలబడటమూ అంతే. అమ్మకి షుగర్ ఎక్కించావు, ఫోటోలో మొహం చెడగొట్టావు. ఆదివారం అక్కయ్య వస్తోందిగా. వంటిల్లు ఆవిడకి అప్పగించేసి, నువ్వు నిలబడటం ప్రాక్టీసు చెయ్యి."

అత్తగారి రక్తపరీక్ష కాగితం వచ్చినప్పటి నుంచీ ఇంట్లో ఇదే పాట. ఇప్పుడు కొట్లో కూడా మొదలైంది. ఆ ఇంట్లో భార్య తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ వంటిల్లొక్కటే. ఆదివారం దాటితే అదీ ఉండదు.

స్టూలు మీద కూర్చున్న అత్తగారు కలగజేసుకుంది. "ఒరే నాన్నా, కెమెరా బంగారంలా ఉందిరా. వెనక్కివ్వకు. రోజూ నాలుగు ఫోటోలు తీస్తూ ఉంటే అదే పట్టుబడుతుంది. అమ్మాయి కూడా పాపం విసుక్కోకుండా నిలబడుతోంది."

"నీకు ఫోటోలంటే ఇంత సరదా ఎప్పట్నుంచమ్మా?"

"నాకేం సరదారా. మీరిద్దరూ అలా ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ ఉంటే నాకు కడుపు నిండిపోతుంది."

కొట్టాయన కెమెరాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీంతో ఇచ్చిన పుస్తకం చదివారా?"

"అది మా ఆవిడ తీసుకుంది. పడుకునే ముందు చదివితే ఇట్టే నిద్ర పడుతుందిట."

కొట్టాయన కెమెరాకి వైరు తగిలించి గోడ మీదున్న టీవీకి కలిపాడు. "లెన్సులో తేడా ఉంటే ఫోటో మొత్తం మసకేస్తుంది. చూద్దాం."

టీవీ నిండా భార్య వచ్చింది. భోజనాల బల్ల ముందు బుద్ధిగా నిలబడి ఉంది. మొహం మాత్రం తడిచేత్తో తుడిచిన పలకలా ఉంది. ఆ మసకలోనూ నవ్వుతున్నట్టే ఉంది.

"చూశారా," అన్నాడు భర్త, కేసు గెలిచినట్టు.

"మీరు చూడండి సార్. మొహం ఒక్కటి తప్ప అన్నీ అద్దంలా ఉన్నాయి. వెనక ఆ బీరువా తలుపు మీద గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. లెన్సు దివ్యంగా ఉంది. పెద్దది చేస్తానుండండి."

చేశాడు. బీరువా దగ్గరకొచ్చింది. తలుపు తెరిచి ఉంది. పై అరలో పిల్లల క్రీము బిస్కెట్ల డబ్బా ఉంది. డబ్బాలో మోచేతి దాకా ఒక చెయ్యి ఉంది. రెండో చేతిలో డబ్బా మూత, ఆ చేతి వేలికి పెద్ద ఎర్రరాయి ఉంగరం.

స్టూలు మీదున్న ఎర్రరాయి ఉంగరం మెల్లగా చంకలోకి వెళ్ళిపోయింది.

పొద్దుటి నుంచీ బేరాల్లేని కొట్టాయన ఆపే రకం కాదు. తర్వాతి ఫోటో వేశాడు. అందులో అత్తగారికి రెండు బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి. ఆ తర్వాత దాంట్లో చేతికొక బిస్కెట్టు. ప్రతి ఫోటోలోనూ ముందు కోడలు మసగ్గా నవ్వుతోంది, వెనక అత్తగారు స్పష్టంగా నములుతోంది.

"అమ్మా," అన్నాడు భర్త.

"ఈ కెమెరా పాడైపోయిందిరా. ఇప్పుడే తిరిగిచ్చెయ్," అంది అత్తగారు. "లేనిపోనివన్నీ చూపిస్తోంది."

"ఇన్ని తీశాను, నా కంటికి కనపడలేదేంటి?"

"మీరు మీటలు చూసుకుంటున్నారు కదండీ," అంది భార్య. "నన్నేమో కదలొద్దు, వెనక్కి తిరగొద్దు అన్నారు. అత్తయ్య కూడా ఇంకోటి తియ్యరా, ఇంకోటి తియ్యరా అంటూ ఉంటే, సరదా కాబోలు అనుకుని నిలబడ్డాను."

"రిపేరుకి రాసుకోమంటారా సార్?" అన్నాడు కొట్టాయన, ఎవరిని అన్నది తేలకుండా.

భర్త టీవీ నుంచి వైరు పీకేసి, కెమెరా భార్య చేతిలో పెట్టి, తల్లిని లేవదీశాడు.

కారులో తల్లీకొడుకులు ముందు సీట్లలో కూర్చుని దారిపొడుగునా వాదించుకున్నారు.

"రోజుకెన్ని తింటున్నావు?"

"ఎవరైనా లెక్కపెట్టుకుని తింటార్రా? అరుగుతుందా అలా?"

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు భర్త ఫోన్ తీశాడు. "అక్కయ్యా, నువ్వు రానక్కర్లేదు. వంటలో ఏం లేదు. బీరువాకో తాళం కొంటే సరిపోతుంది."

ఇంటి ముందు దిగాక ఆయన భార్య చేతిలోంచి కెమెరా అందుకున్నాడు. "ఏదీ, ఆ మెట్ల మీద నిలబడు." నొక్కాడు. కనురెప్పల వెంట్రుకలతో సహా భార్య మొహం కడిగిన ముత్యంలా వచ్చింది.

"చూశావా, చెయ్యి తిరిగింది," అన్నాడు మీసం సవరించుకుంటూ. "ఏ మీట ఎప్పుడు నొక్కాలో తెలియాలంతే."

"అవునండీ, తెలియాలంతే," అంది భార్య. రక్తపరీక్ష కాగితం వచ్చిన మర్నాడు తను బీరువా తలుపు వైపుకి జరిపిపెట్టిన, ఎక్కడుంటే అక్కడే స్పష్టంగా తీయించే ఫోకస్ గడిని, ఇందాక కారు వెనక సీట్లో కూర్చుని, పుస్తకంలో చెప్పినట్టే మళ్ళీ మధ్యకి తెచ్చి పెట్టిందామె.