గుమ్మం ముందు పడిన రైలు

దేవరాజులు రైలు ఎవరి గుమ్మం ముందు పడితే ఆ ఇంట జ్వరం పడుతుందని తొండియార్‌పేటలోని ఆ లోగిలి అంతా నమ్మింది.

అది కీ ఇస్తే నడిచే బొమ్మ రైలు. స్వాతంత్ర్యం వచ్చాక సీమకు వెళ్ళిపోయిన దొరల ఇంటిదట. దేవరాజులు దానిని మూర్ మార్కెట్టులో పాత సామాన్ల అంగట్లో కొన్నాడు.

బావి పక్కనున్న గది ఆయనది. ఒంటరి మనిషి. ఎక్కడివాడో, ఏం చేసేవాడో ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

మొదట గదిలోనే పట్టాలు పరిచాడు.

"గదిలో రైలు గిరగిరా తిరుగుతుందే గానీ ఒక ఊరికి పోదు గదమ్మా," అన్నాడొకనాడు ఆ లోగిలిలోనే ఉండే వరదలక్ష్మితో.

ఆమె నవ్వింది.

మరుసటి ఆదివారానికి పట్టాలు గడప దాటి వాకిట్లోకి వచ్చాయి. కుళాయిలున్న రెండు వాటాల గుమ్మాల ముందుగా సాగి, వీధి తలుపు దగ్గర నిలిచాయి. అక్కడ బోర్లించిన చెక్కపెట్టె ఎన్నూరు స్టేషను అయింది. బావినీళ్ళు వాడుకునే ఎదుటి వరస వైపు పట్టాలు పోలేదు.

మొదటి వాటా కన్యకమ్మ, రెండవ వాటా వరదలక్ష్మికి ఆ బండి మీద తమలపాకులు పంపేది. అందరికీ అదొక ముచ్చట.

ఒకరోజు బండి కన్యకమ్మ గుమ్మం ముందు పట్టాలు తప్పి పడింది. ఆ వారమే ఆమె జ్వరంతో మంచమెక్కింది. లేచి తిరిగేసరికి, బండి వరదలక్ష్మి గుమ్మం ముందు పడింది.

వరదలక్ష్మి భర్త భాష్యం బడిలో పాఠాలు చెప్పి వణుకుతూ ఇంటికి వచ్చాడు. డాక్టరు టైఫాయిడు అన్నాడు.

"ఎదుటి వరసలో ఒక్కరికన్నా వచ్చిందా?" అంది కన్యకమ్మ. "ఆడ పట్టాలు లేవు, జ్వరమూ లేదు. ఇంకేం కావాల నీకు?"

వరదలక్ష్మి అలాంటివి నమ్మే మనిషి కాదు. కాని భర్త నుదుటి మీద చెయ్యి వేసిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా నమ్మింది.

దేవరాజులు మాత్రం పని మానలేదు. పట్టాలు ఎత్తేవాడు, కంకర దట్టించేవాడు, మళ్ళీ పరిచేవాడు. తెల్లవారేసరికి అవి సరిగ్గా ఆ గుమ్మాల ముందే ఒక పక్కకు వాలేవి.

ఒక ఉదయం వరదలక్ష్మి తలుపు తీసి నిలబడిపోయింది.

గుమ్మం ముందు చిన్న గుంట. గుంటలో నీలం రంగు నీళ్ళు. గుంట పక్కన దేవరాజులు.

"ఏం చేస్తా ఉండావు పెద్దాయనా?"

"బట్టలకు వేసే నీలిమందమ్మా. ఆడ స్నానాల గది తూములో పోసినాను. ఈడ తేలింది, చూడు."

"మా గుమ్మంలో నీకేం పని? మంచం మీద మనిషిని పెట్టుకోని ఉండాను. నీకు కనికరం లేదా?"

"అది కాదమ్మా, ఈ నేల కింద..."

"చాలు సామీ! ఇంక నాతో మాట్లాడొద్దు."

ఆమె నేరుగా ఇంటి యజమాని వెంకటాచలపతి దగ్గరికి వెళ్ళింది.

"శెట్టిగారూ, ఈడ ఆ రైలన్నా ఉండాల, మేమన్నా ఉండాల."

వెంకటాచలపతి విసుక్కున్నాడు. "నిన్న నా దగ్గరికీ వచ్చినాడమ్మా ఆ మనిషి. వాకిలి తవ్వించాలంట! బొమ్మ రైలు సాఫీగా పోవాలని నేను ఇల్లు తవ్వుకోవాలనా? పొమ్మంటాను, ఉండు."

సాయంత్రానికి దేవరాజులు పట్టాలన్నీ ఎత్తి గోనెసంచిలో వేసుకున్నాడు. వీధి తలుపు దాటబోతూ ఆగాడు.

"అమ్మా, సారుకి నీళ్ళు కాచి ఇయ్యి. మరిచిపోవద్దు."

వరదలక్ష్మి తలుపు వేసుకుంది. జ్వరం మనిషికి వేడినీళ్ళు మంచివేగా అనుకుని, ఆ రాత్రి నుంచి కాచే ఇచ్చింది. తనూ అవే తాగింది.

భాష్యం కోలుకున్నాడు.

"చూసినావా? రైలు పోయింది, జ్వరం పోయింది!" అంది కన్యకమ్మ.

లోగిలి అంతా తల ఊపింది. వరదలక్ష్మి కూడా ఊపింది.

కొద్ది వారాలకు పలుగులూ పారలతో కార్పొరేషన్ మనుషులు వచ్చారు. మేస్త్రీ అరుముగం తిన్నగా వచ్చి వరదలక్ష్మి గుమ్మం ముందు గీత గీశాడు.

"ఈడనే తవ్వాలని నీకెవురు చెప్పినారయ్యా? శెట్టిగారా?" అని అడిగింది ఆమె.

"శెట్టియా! వాకిలి పాడయిపోతాదని ఇప్పుడు గూడా సండకు, కొట్లాటకు వచ్చినాడు. ఇది వేరే పెద్దాయనమ్మా. దినామూ వ్యాసర్‌పాడి నుంచి నడిచి వస్తాడు. మా ఆఫీసు బల్ల మీద కూచుంటాడు. పొమ్మన్నా పోడు. 'ఆడ ఒక సారు జ్వరంలో పడుండాడు, తవ్వండి' అనేదే పాట. మా ఆఫీసరు ఆ పోరు పడలేకనే మమ్మల్ని పంపినాడు. ఏం, మీకు సొంతమా, చుట్టమా?"

వరదలక్ష్మి బావి పక్క గది వైపు చూసింది. అరుముగాన్ని అడిగింది.

"రేపు ఆఫీసుకి వస్తే... ఒకసారి ఈడికి తోడుకోని రాగలవా?"

"వారమయిందమ్మా రాక. వ్యాసర్‌పాడిలో ఏడని వెతికేది? ఒళ్ళు బాగలేదని అటుపక్కన ఎవరో అన్నారు. నిజమో ఏమో."

పలుగు ఠంగుమంది. అరుముగం గుంటలోకి దిగి మన్ను చేత్తో తీశాడు.

"ఇదిగో! మురుగు గొట్టం పగిలి నేలంతా కుంగిపోయింది. ఇంక దీనిమీద ఏది పెట్టినా నిలుస్తాదా?"

వరదలక్ష్మి వంగి చూసింది.

పగిలిన మురుగు గొట్టానికి ఆనుకుని వాళ్ళు తాగే నీళ్ళ కుళాయి గొట్టం ఉంది. తుప్పుపట్టి చిల్లులు పడిన ఆ గొట్టం లోపలి దాకా నీలిమందు రంగు పాకి ఉంది.