ఆపిల్ చెట్టు మీద గొడ్డలి

జకరయ్య గొడ్డలి ఎత్తి, ఇంటి ముందున్న ఆపిల్ చెట్టు మీద అరిచాడు.

"ఈ ఏడూ పూత లేదు. నిన్ను ఉంచి ఏంది లాభం? కొట్టేస్తున్నా!"

కాయని చెట్టును ఒకరు అలా బెదిరించాలి. ఇంకొకరు అడ్డుపడి, పైయేడు కాస్తుందని పూచీ పడాలి. అప్పుడు చెట్టు భయపడి కాస్తుందని మాచర్ల వైపు నమ్మకం. పోయినేడూ అంతకు ముందేడూ అడ్డుపడింది ఆయన భార్య రాహేలమ్మే.

మొక్కను తెచ్చింది కొడుకు. పటాలం నుంచి సెలవు మీద వస్తూ, మంచు కొండల వైపు నుంచి పట్టుకొచ్చాడు. యుద్ధం అయిపోయి తాను తిరిగొచ్చేసరికి కాయించమన్నాడు.

ఈసారి రాహేలమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంది. తల ఎత్తలేదు.

"ఏమే, కొట్టేస్తున్నానంటే వినపడలా?" మళ్లీ అరిచాడు జకరయ్య.

"కొట్టెయ్ మావా. కాస్తే మాత్రం తినేదెవరు? తింటానన్నోడు బర్మాలోనే మట్టిలో కలిశాడు గదా," అంది, తొడిమలు తీస్తూనే.

జకరయ్య గబుక్కున గొడ్డలి దించాడు. వచ్చి ఆమె పక్కన చతికిలబడి, గొంతు బాగా తగ్గించాడు.

"మెల్లగా అనవే. వాడి సంగతి చెట్టుకింకా చెప్పలా."