రెండో మెయిల్

“ఆ బటన్ నొక్కకుండ్రి చాచా.”

సాబిర్ చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. తలెత్తి చూశాడు. పాస్‌పోర్ట్ సైజు ఫొటో కోసం వచ్చిన అమ్మాయి తెల్ల తెర ముందున్న స్టూలు మీంచి లేచి, కంప్యూటర్ దగ్గరికి వచ్చి నిలబడింది.

పేరు సంగీత. ఇల్లందు దగ్గర తండా. ఏదో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలని పొద్దున బస్సులో భద్రాచలం వచ్చింది. ఇందాక ఫొటో తీస్తూ “కొద్దిగ నవ్వు బిడ్డా” అంటే, ఎలా నవ్వాలో మరిచిపోయినదానిలా పెదాలు కదిపి ఊరుకుంది.

“ఇది గవర్నమెంట్ మెయిల్ బిడ్డా. పోయిన పైసలు మల్ల ఇప్పిస్తరంట,” అన్నాడు సాబిర్.

“ఇప్పియ్యరు. ఉన్నయి గూడ తీసుకుంటరు.”

కోపం రాబోయింది సాబిర్‌కి. కానీ ఆ పిల్ల గొంతులో వాదన లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

మొదటి మెయిల్ మూడు నెలల కిందట వచ్చింది. గోదావరి పొంగి స్టూడియో నడుముల్లోతు మునిగింది కదా, దానికి సాయం మంజూరైందని. కింద ఉన్నది నొక్కి వివరాలు నింపమన్నారు. నింపాడు. ఏదో యాప్ వేసుకోమన్నారు. ఫోన్లో వేసుకున్నాడు. స్టూడియో బాగుచేయించడానికి దాచుకున్నదంతా ఆ సాయంత్రానికల్లా పోయింది. భార్య రజియాకు ఇప్పటికీ చెప్పలేదు. కొత్త లైట్లు ఎప్పుడు తెస్తావని ఆమె అడిగినప్పుడల్లా, తెస్తాలే అంటున్నాడు.

“మన కరకట్ట సంగతి రాసిండ్రు. ఏ గల్లీల నీళ్లొచ్చినయో రాసిండ్రు. ఎక్కడో ఉన్న దొంగకు గవన్నీ ఎట్ల తెలుస్తయి చెప్పు?” అన్నాడు సాబిర్.

“తెలుసుకొనే రాస్తరు చాచా. మొదటిదాంతోనే రెండోది గూడ రాసి పెట్టుకుంటరు, నెలలు ఆగి పంపుతరు.”

ఆమె వంగి నెట్ వైరు పీకింది. అతని ఫోన్ అడిగి తీసుకుంది. మూడు నెలలుగా లోపల కూర్చుని అంతా చూస్తున్న ఆ యాప్‌ను వెతికి తీసేసింది. పాస్‌వర్డ్‌లన్నీ ఇంట్లో వేరే ఫోన్లకెల్లి మార్చమంది. బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించమంది. తెలియని మెయిల్‌లో ఏదున్నా నొక్కొద్దంది. జల్దీ చేయమన్నారంటే ఇంట్లో వాళ్లను అడిగే టైం మీకు ఇవ్వొద్దనే, అంది. హాజరు పిలుస్తున్నట్టు, ఒక్కో మాటా అదే మట్టంలో.

“ఇంకొద్దిసేపట్ల ఫోన్ వస్తది,” అంది చివరికి. “ఒక మేడం మాట్లాడ్తది. ముందుగాల మీ ఆరోగ్యం అడుగుతది.”

సాబిర్ నవ్వబోయాడు. ఫోన్ మోగింది.

“నమస్తే పెద్దాయనా, ఆరోగ్యం బాగున్నదా?” మెత్తటి ఆడగొంతు.

సాబిర్ ఫోన్ చెవి నుంచి తీసి సంగీత వైపు చాపాడు. ఆమె అందుకుని చెవికి ఆనించుకుంది. అవతల గొంతు ఏవేవో చెప్పుకుపోతోంది. చాలాసేపు విన్నది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

“అన్నం తిన్నవా?”

అవతల మాట ఆగిపోయింది. ఊపిరి మాత్రం వినిపించింది. తర్వాత ఫోన్ కట్టయింది.

“దొంగదాన్ని అన్నం తిన్నవా అని అడుగుతవేంది?” సాబిర్ తెల్లబోయాడు.

ఆమె ఫోన్‌ను బల్ల మీద పెట్టింది.

“నీకు గూడ గిట్లనే అయ్యిందా బిడ్డా?”

“అవ్ చాచా. నాక్కూడ ఒక మెయిల్ వచ్చింది. బయటిదేశంల ఉద్యోగం అని. నమ్మి పోయిన.”

“ఎన్ని పైసలు పోయినయ్?”

“పైసలు కాదు. దిగంగనే పాస్‌పోర్ట్ గుంజుకున్నరు. పద్నాలుగు నెలలు రానియ్యలేదు. పోయిన నెలనే వచ్చిన.”

అక్కడ ఏం పని చేయించారని సాబిర్ అడగలేదు. ఆడపిల్లను అడగకూడని మాటేమో అనుకున్నాడు. ఆమె ముఖం చూశాడు. ఏడుపు లేదు, కోపం లేదు. వరద తీశాక గోడ మీద మిగిలే మట్టిగీతలా ఉందా ముఖం.

అతనికేమనిపించిందో, మేడ మీదున్న ఇంట్లోకి వినబడేలా “రజియా!” అని పిలిచాడు. ఆమె కిందికొచ్చింది. అంతా చెప్పేశాడు. ఆమె తిట్టలేదు. కొంగు సర్దుకుంది.

“మూడు నెలల నుంచి ఒక్కనివే మోస్తున్నవా? లే. పోలీస్ స్టేషన్‌కు పోదాం. బేటీ, నువ్వు గూడ రా. మాకు సరిగ చెప్పొస్తదో రాదో.”

సంగీత ఒక్క క్షణం గుమ్మంలో ఆగింది. తర్వాత వాళ్ల వెంట నడిచింది.

స్టేషన్‌లో నిర్మలాదేవి అనే ఎస్సై మేడం ఓపిగ్గా విన్నది. రెండు మెయిల్స్ ప్రింటు తీయించింది. రజియా చెబుతుంటే ఫిర్యాదు రాయించింది. సాబిర్ సంతకం చేస్తూ, ఈ బిడ్డ లేకుంటే ఇయ్యాల ఉన్నది గూడ పోయేదని రెండుసార్లు చెప్పాడు. మేడం మెచ్చుకోలుగా తల ఊపింది.

“మంచి పని చేసినవమ్మా. సాక్షిగా నీ పేరు రాయించనా?”

సంగీత బల్ల మీదున్న ఆ రెండు కాగితాల వంక మొదటిసారి నేరుగా చూసింది. చదవలేదు.

“సాక్షిగా వద్దు మేడం. ఆ రెండు మెయిల్స్ అక్కడ కూర్చుని రాసింది నేనే.”