సాక్షి చూపు

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగేసరికి ఎదురుగా ఉన్న బట్టల షాపు బోర్డు అలుక్కుపోయినట్టు కనిపించింది. సింధూర కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది.

ఆమె వాడేవి గట్టి రకం రాత్రి లెన్సులు. కంట్లో పెట్టుకుని పడుకుని పొద్దున తీసేస్తే, పగలంతా కళ్ళజోడు అక్కర్లేదు. మానేస్తే మాత్రం చూపు మళ్ళీ జారిపోతుంది. నిన్న రాత్రి విశాఖలో ఎక్కిన బస్సు దారిలో చెడిపోయింది. రోడ్డు పక్కన దుమ్ములో చేతులు కడుక్కునే దిక్కు లేదు. లెన్సులు డబ్బాలోనే ఉండిపోయాయి. పొద్దున దిగాల్సింది సాయంత్రానికి దిగింది.

రేపు ఎల్బీనగర్ కోర్టులో ఆమె సాక్ష్యం చెప్పాలి.

పోయినేడు, సింధూర ఇక్కడ చదువుకుంటున్న రోజుల్లో, ఎల్బీనగర్‌లో పొద్దుగూకే వేళ ఏదో బండి మట్టయ్య అనే పెద్దాయనను వెనకనుంచి గుద్దేసి ఆగకుండా పోయింది. వెనకే వచ్చిన ఆటో డ్రైవర్ మహేష్ ఆయన్ని ఎత్తుకుని ఆసుపత్రిలో చేర్చాడు. గుద్దింది అతనేనని కేసు పెట్టారు. మట్టయ్యకు ఒక కాలు తీసేశారు. పేపర్లో ఆ వార్త చూసి సింధూరే మహేష్ లాయరు చక్రపాణికి ఫోన్ చేసింది. "గుద్దింది ఆటో కాదండీ. నేను అక్కడే ఉన్నాను" అని.

మొన్న చక్రపాణి హెచ్చరించాడు.

"ఆ రోజు కళ్ళజోడు లేదన్నారు కదమ్మా, ప్రభుత్వ లాయరు దాన్నే పట్టుకుంటాడు. జోడు లేకుండా దూరంగా ఉన్నది చదవమంటాడు. మీరు తడబడ్డారా, మహేష్ జైలుకే."

పిన్ని కోటేశ్వరమ్మ ఇంట్లో సంచి తెరిచింది. లెన్సులు కడిగే సొల్యూషన్ సీసా మూత ఊడి, బట్టలన్నీ తడిసిపోయి ఉన్నాయి. సీసాలో చుక్క లేదు.

"కుళాయి నీళ్ళతో కడుక్కోరాదుటే?" అంది పిన్ని.

"ఆ నీళ్ళు తగిలితే కన్నే పోవచ్చు పిన్నీ."

చెప్పులేసుకుని పరుగెత్తింది. మొదటి కళ్ళద్దాల షాపతను సీసా తిప్పి చూపించాడు. "ఇది మెత్తటి లెన్సులదమ్మా. గట్టివాటిది మా దగ్గరుండదు." రెండో షాపులోనూ అదే మాట. మూడో షాపు షట్టర్ దించేస్తున్నారు.

ఫోన్ మోగింది. మహేష్ తల్లి అండాలమ్మ.

"బిడ్డా, ఒచ్చినవా?"

"వచ్చానండీ."

"రేపు జర మంచిగ చెప్పు బిడ్డా. నా కొడుకు ఎవ్వర్నీ గుద్దలే. అయ్యో పాపమని ఎత్తుకపోయిండు. గదే తప్పయింది."

"నాకు తెలుసండీ" అని సింధూర ఫోన్ పెట్టేసింది.

మెట్రో పిల్లర్ల కింద, జనాన్ని తోసుకుంటూ నడిచింది. చివరికి ఒక కంటి ఆసుపత్రిని ఆనుకుని ఉన్న మందుల షాపులో సీసా దొరికింది. దాన్ని రెండు చేతులతో గుండెకు హత్తుకుంది.

రాత్రి లెన్సులు కడిగి పెట్టుకుని పడుకుంది. తెల్లారాక కుడి లెన్సు తేలిగ్గానే వచ్చింది. ఎడమది రాలేదు. కంటికి అతుక్కుపోయింది.

"గట్టిగా లాగవే, ఆలస్యమైపోతోంది!"

"లాగితే గుడ్డు గీరుకుపోతుంది పిన్నీ."

చుక్కలు వేసుకుంది. రెప్పలు ఆడించింది. మళ్ళీ వేసుకుంది. కింద ఆటో వాడు హారన్ కొడుతున్నాడు. చాలాసేపటికి లెన్సు కాస్త కదిలింది. మెల్లగా తీసేసింది. కిటికీలోంచి చూస్తే ఎదురు మేడ మీద నీళ్ళ ట్యాంకు, దాని మీద కంపెనీ పేరు. చదవగలిగింది. కూలబడి ఏడ్చేసింది.

కోర్టు హాల్లో ముందు బెంచీ మీద మట్టయ్య కూర్చుని ఉన్నాడు, పక్కన చంక కర్రలు. సింధూర అటు చూడలేదు.

"ఏం జరిగింది?" చక్రపాణి అడిగాడు.

"స్కూటీ గుద్దింది. ఒక అమ్మాయి నడుపుతోంది. ఆగలేదు. ఆటో ఆ తర్వాత వచ్చింది."

ప్రభుత్వ లాయరు లేచాడు. "ఆ అమ్మాయి మొహం ఎలా ఉంటుంది?"

"ముఖానికి చున్నీ చుట్టుకుని ఉందండీ."

"కాలేజీ ఫొటోలో మీకు కళ్ళజోడు ఉంది. ఆ రోజు పెట్టుకోలేదని మీరే చెప్పారు. ఇప్పుడు కళ్ళలో లెన్సులున్నాయా?"

"ఏమీ లేవండీ."

"అలాగా! అదిగో, ఆ తలుపు పక్కన నోటీసు. కింది వరస చదవండి."

మహేష్ చేతులు కట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. అక్షరాలు ఒక్క క్షణం చెదిరాయి. సింధూర రెప్ప వేసి తెరిచింది.

"ఉల్లంఘించిన వారి సెల్‌ఫోన్లు స్వాధీనపరచుకొనబడును."

ప్రభుత్వ లాయరు కాగితాలు మడిచి కూర్చున్నాడు.

బయట వరండాలో చక్రపాణి నవ్వుతూ, "ఇక కేసు నిలవదమ్మా" అన్నాడు. అండాలమ్మ వచ్చి సింధూర రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నీ కండ్లు సల్లగుండ బిడ్డా! నువ్వు సూడకపోతే నా కొడుకు ఏమైపోతుండె?"

సింధూర తల వంచుకుంది.

కళ్ళజోడు లేకుండా స్కూటీ నడుపుతూ, మసకలో మట్టయ్య కనిపించక గుద్దేసిన ఆ సాయంత్రం తర్వాతే ఆమె ఆ లెన్సులు పెట్టుకోవడం మొదలుపెట్టింది.