గింజ పట్టేదాక

చెరువు నీళ్లు ఊరికి చాలనప్పటి నుంచి మక్కజొన్న చేలకు తడి పెట్టడం మనుషుల చేతుల్లో లేదు. ప్రతి సాలులో ఒక ఆకుకు క్లిప్పు ఉంటుంది. దప్పికైతే అది ఎర్రగా వెలుగుతుంది, పైపు తెరుచుకుంటుంది. దానికి ఆకుకూ వేలికీ తేడా తెలియదని కనిపెట్టింది ఊరి ఆడవాళ్లే. అందుకే కంకులు గింజ పట్టే రోజుల్లో ఇంటికొకరు ఆ క్లిప్పు వేలికి పెట్టుకుని, నీళ్లు ముట్టకుండా చేను కోసం ఒక్కపొద్దు ఉంటారు.

ఈసారి వంతు కొమురవ్వది. ఏడో సాలు క్లిప్పు ఆమె వేలికి ఉంది.

"అత్తమ్మా, గుక్కెడు నీళ్లు తాగరాదు. పెదాలు పలిగినయ్," అంది కోడలు రజిత, చెంబు అందిస్తూ.

"గింజ పట్టనియ్యి బిడ్డా. ఇప్పుడు తాగితే పైపు బందయితది."

చేలో నీళ్లు పారే చప్పుడు ఇంట్లోకి వినిపిస్తూనే ఉంది. మధ్యాహ్నానికి ముసలామె మాట్లాడటం మానేసింది. ఆమె వేలి మీద ఎర్రటి వెలుగు మెల్లగా పసుపు రంగుకు తిరిగింది. రజిత ఫోన్‌లో ఒక తీయటి గొంతు పలికింది.

"మీ ఏడో సాలు పూర్తిగా ఎండింది. కోతకు మిషను బయలుదేరింది."

రజిత వాకిట్లోకి పరుగెత్తింది. డ్రైవరు లేని కోత మిషను పచ్చటి చేను గట్టు వెంట, ఒక్క మొక్కనూ తాకకుండా, ఇంటి వైపే వస్తోంది.